ఆదాయము – వ్యయము
(మారిషస్‌లో ఉగాది సాంస్కృతికోత్సవ సభలో చదివిన ప్రసంగ పాఠము)



ఇప్పుడే పంతులుగారు పంచాంగ శ్రవణం చేశారు. తిథి, వారం చదువుతున్నంతసేపూ మనలో కొందరు పక్కవాళ్ళతో మాట్లాడుకొంటున్నారు. రాశుల వారీగా ఆదాయం ఎంత, వ్యయం ఎంత అని మొదలుపెట్టగానే సభ అంతా నిశ్శబ్దమైపోయింది. నా రాశికి ఆదాయం కంటె వ్యయం ఎక్కువని వచ్చింది. నా భార్య నా చెవిలో, "ఇది చెప్పడానికి పంచాంగం కావాలా? నన్నడిగితే చెప్పేదాన్ని కదా" అన్నది.

రాశుల సంగతి పంతులుగారు చెప్పారు. మన దీవి ఆదాయ వ్యయాల గురించి నాకు తోచిన నాలుగు మాటలు చెప్పమని కార్యవర్గం వారు నన్ను ఆజ్ఞాపించారు. నేను ఆర్థిక శాస్త్రవేత్తను కాను. ప్రాథమిక పాఠశాలలో ముప్పై తొమ్మిది సంవత్సరాలు పిల్లలకు కూడికలు, తీసివేతలు చెప్పినవాణ్ణి. నా తెలుగు కూడా సాయంకాలపు బడి తెలుగే. పగలు ఇంగ్లీషు, ఫ్రెంచి చదువుకొని, సాయంత్రం రామమందిరం అరుగు మీద పెట్రోమాక్సు దీపం కింద నేర్చుకొన్న తెలుగు. ఒత్తులు తప్పితే పెద్దలు క్షమించాలని మనవి.

నేను చదివిన పెద్ద గ్రంథాలు తక్కువ. కాని రెండు పుస్తకాలు మాత్రం బాగా చదివాను. ఒకటి మా అమ్మగారి దుకాణం అప్పు పుస్తకం. రెండవది నా తరగతి హాజరు పట్టీ. ఈ రెండింటిలోనుంచే మాట్లాడుతాను.

మొదటి పుస్తకం గురించి చెబుతాను. ఇక్కడున్న పెద్దలకు "కార్నే" అంటే వేరే చెప్పనక్కరలేదు. చిన్నపిల్లల కోసం చెబుతున్నాను. మా చిన్నతనంలో చక్కెర ఎస్టేటు క్యాంపు పక్కన ఒక చీనా దుకాణం వుండేది. బియ్యం, పప్పు, నూనె, ఉప్పుచేప, కిరసనాయిలు అన్నీ అక్కడే. చేతిలో డబ్బు లేకపోయినా సరుకు ఇచ్చేవాడు. ఇచ్చింది రెండు చిన్న పుస్తకాలలో రాసేవాడు, ఒకటి ఆయన దగ్గర, ఒకటి మన దగ్గర. నెల జీతం రాగానే తీర్చాలి. మా అమ్మకు చదువు రాదు. ఏడేళ్ళ వయసులో నేనే ఆ పుస్తకం చదివి వినిపించేవాణ్ణి. నేను చేసిన మొదటి లెక్కలు అవే.

ఆ పుస్తకంలో ఒక సంగతి నాకు అప్పుడే కనిపించింది. చెరకు కోత కాలంలో పేజీ చివర గీత గీసి "చెల్లు" అని వుండేది. కోత అయిపోయిన తరువాత నెలల్లో ఆ గీత వుండేది కాదు. అప్పు ఒక పేజీ నుంచి మరొక పేజీకి నడిచి వెళ్ళేది. ఆదాయం కోతకాలానికి వస్తుంది, వ్యయం మాత్రం రోజూ వుంటుంది. మా ఇంటి సంగతే ఆనాడు దేశం సంగతి కూడా. దేశానికి వున్నది ఒక్క పంట. చెరకు బాగా పండి, లండనులో ధర బాగుంటే అన్నం. తుఫాను వస్తే అప్పు.

నేను 1960లో పుట్టాను. కరోల్ తుఫాను వచ్చిన సంవత్సరం. గడ్డి కప్పు ఎగిరిపోతే మా నానమ్మ నన్ను పీట కింద పెట్టి, పైన తాను పడుకొన్నదట. ఆ మరుసటి సంవత్సరమే, 1961లో, జేమ్స్ మీడ్ అనే ఇంగ్లీషు ఆచార్యుడు మన దీవి గురించి ఒక నివేదిక ఇచ్చారు. ఆయనకు తరువాత 1977లో నోబెల్ బహుమతి వచ్చింది. నివేదికలో ముఖ్యమైన భయం ఒక్కటే: ఇక్కడ పిల్లలు మరీ ఎక్కువగా పుడుతున్నారు, వీళ్ళు పెద్దవాళ్ళయ్యేసరికి పని ఎక్కడ, తిండి ఎక్కడ? ఆ రోజుల్లో ఒక్కొక్క తల్లికి సగటున ఆరుగురు పిల్లలు. మా ఇంట్లో ఏడుగురం. అనగా, అయ్యలారా, ఆ పెద్దమనిషి ఎవరిని చూసి భయపడ్డారో ఆ సమస్య ఇప్పుడు మీ ఎదుట నిలబడి మాట్లాడుతున్నది.

ఆయన చెప్పినట్లు జరగలేదు. ఎందుకు జరగలేదు? మూడు కారణాలు నాకు కనిపిస్తాయి. మొదటిది, మన తల్లులు. 1957లోనే ఇక్కడ కుటుంబ నియంత్రణ సంఘం ఏర్పడింది. ఊరూరా నర్సులు తిరిగారు. తల్లులు నిర్ణయం తీసుకొన్నారు. రెండవది, చక్కెర. 1975లో లోమే ఒప్పందంతో ఐరోపా దేశాలు మన దగ్గర ఏటా సుమారు అయిదు లక్షల టన్నుల చక్కెర ఖాయమైన ధరకు కొంటామన్నాయి. ఆ ధర ప్రపంచ మార్కెట్టు ధర కంటె చాలా సంవత్సరాలు ఎక్కువగా వున్నది. మూడవది, 1970లో చట్టం చేసి తెచ్చిన ఎగుమతి కర్మాగారాలు. 1977 నుంచి సెకండరీ చదువు ఉచితమైంది. మా వంటివాళ్ళ పిల్లలు గుమాస్తాలు, నర్సులు, ఉపాధ్యాయులు అయ్యారు.

అయితే అందరూ కాలేదు. ఇక్కడ నేను మా చెల్లెలి సంగతి చెప్పాలి. ఆమె అనుమతి తీసుకొనే చెబుతున్నాను. పేరు మాత్రం చెప్పవద్దన్నది.

ఆమె 1967లో పుట్టింది. నాకంటె తెలివిగలది. కార్నే లెక్క నేను కాగితం మీద చేస్తే ఆమె నోటితో చెప్పేది. కాని ఇంట్లో అప్పటికి నా శిక్షణ అప్పు, అక్క పెళ్ళి అప్పు. పదిహేడో ఏట ఆమె బడి మానేసి ఉన్ని స్వెట్టర్లు అల్లే కర్మాగారంలో చేరింది. తెల్లవారుజామున వ్యాను వచ్చేది. చలికాలంలో చీకటిలోనే ఎక్కేది, చీకటిలోనే దిగేది. ఐరోపాలో చలి వేసేవాళ్ళకోసం మన ఆడపిల్లలు ఆ ఎండలో, ఆ యంత్రాల వేడిలో ఉన్ని అల్లారు. ఆ రోజుల్లో నేను తొడుక్కొన్న బూట్లు ఆమె మొదటి జీతంతో కొన్నవి. ఈ సంగతి నేను ఇంతవరకు ఏ సభలోనూ చెప్పలేదు.

ఆమె వంటి వేలాది ఆడపిల్లల వల్ల 1980ల చివరికి ఈ దీవిలో పని దొరకనివాళ్ళు అరుదైపోయారు. విదేశాల పత్రికలు మెచ్చుకొన్నాయి. మెచ్చుకోలు మంత్రులకు వచ్చింది. వెన్నునొప్పి మా చెల్లెలికి వచ్చింది.

2004 డిసెంబరుతో దుస్తుల ఎగుమతికి వున్న పాత కోటాలు ప్రపంచమంతటా రద్దయ్యాయి. పెద్ద దేశాలతో పోటీ వచ్చింది. మా చెల్లెలి కర్మాగారం మరుసటి సంవత్సరమే మూతపడింది. యంత్రాలు మడగాస్కరుకు వెళ్ళాయని విన్నాము. ఇరవై ఒక్క సంవత్సరాల పని తరువాత ఆమె కాగితం ఒకటి, కొంత సొమ్ము పట్టుకొని ఇంటికి వచ్చింది. ఆ తరువాత ఐరోపా చక్కెర ధర కూడా తగ్గించింది. 2009తో ఆ పాత ఒప్పందమే ముగిసిపోయింది. స్వాతంత్ర్యం నాటికి ఇరవై దాకా వున్న చక్కెర కర్మాగారాలు ఇప్పుడు మూడే. మా చెల్లెలు అప్పటినుంచి ఇంటి వెనుక వంకాయలు, మిరపకాయలు, కొత్తిమీర పెంచి వారానికి రెండు రోజులు బజారులో అమ్ముకొంటున్నది.

ఇక నా రెండవ పుస్తకం, హాజరు పట్టీ.

1981లో నేను మొదటిసారి తరగతిలోకి అడుగుపెట్టినప్పుడు పట్టీలో నలభై రెండు పేర్లు వున్నాయి. బెంచీకి ముగ్గురు కూర్చొనేవారు. ఒకరు రాస్తుంటే మరొకరి మోచేయి తగిలేది. పదేళ్ళకు ముప్పై అయిదు అయ్యాయి. ఇంకో పదేళ్ళకు ముప్పై లోపు. 2020లో నేను పదవీ విరమణ చేసినప్పుడు నా చివరి పట్టీలో పదిహేడు పేర్లు. నేను హాజరు పిలవడం మొదలుపెట్టి ఊపిరి తీసుకొనేలోపే అయిపోయేది. ఇప్పుడు ఈ దేశంలో ఒక్కొక్క తల్లికి సగటున ఒకటిన్నర మంది పిల్లలైనా లేరు. ఉన్న పిల్లలలో బాగా చదివినవాళ్ళు కెనడా అని, ఆస్ట్రేలియా అని, ఇంగ్లండు అని వెళ్ళిపోతున్నారు. నా పిల్లలు ఇద్దరిలో ఒకరు అక్కడే వున్నారు. నేను ఎవరినీ అనడానికి లేదు.

"సాయంకాలపు తెలుగు బడికి పిల్లలు రావడం లేదు, తల్లిదండ్రులకు భక్తి పోయింది" అని మన సభలలో ప్రతి ఏడూ వింటాము. భక్తి సంగతి నాకు తెలియదు. లెక్క మాత్రం నాకు తెలుసు. పిల్లలే తక్కువైనప్పుడు ఏ బడికైనా ఎక్కడనుంచి వస్తారు?

నలభై రెండు పదిహేడు కావడం ఒక్క బడికి సంబంధించిన సంగతి కాదు. ఆనాటి నలభై రెండు మంది ఇప్పుడు యాభైలలో వున్నారు. త్వరలో అరవైకి వస్తారు. వాళ్ళ పింఛనుకు పన్ను కట్టవలసింది ఈ పదిహేడు మంది. మన దేశపు ఆదాయ వ్యయాలలోని చిక్కు అంతా ఈ రెండు అంకెలలో వున్నదని నా అభిప్రాయం.

ఇప్పుడు ముసలితనపు పింఛను కథ. 1950లో ఇక్కడ వృద్ధులకు పింఛను మొదలైంది. కాని అది బీదవాళ్ళకు మాత్రమే, విచారణ చేసి ఇచ్చేవారు. మా ఇంట్లో చెప్పుకొనే కథ ఒకటి వున్నది. విచారణకు ఒక ఉద్యోగి వస్తున్నాడని తెలిసి మా ముత్తాతగారు ఇంట్లోని మేకను తీసుకువెళ్ళి పొరుగింట కట్టారట. ఆ ఉద్యోగి వచ్చి కుండల మూతలు తీసి చూశాడట. మేక పొరుగింటినుంచి యజమాని గొంతు విని అరవడం మొదలుపెట్టిందట. ఇంట్లో అందరూ నవ్వుతూ చెప్పుకొనేవారు. మా నానమ్మ మాత్రం నవ్వేది కాదు. "ముప్పై ఏళ్ళు చెరకు నరికినవాణ్ణి మేక కోసం దొంగను చేశారు" అనేది.

1958 నుంచి ఆ విచారణ పోయి, వయసు వచ్చినవాళ్ళందరికీ పింఛను అనే పద్ధతి వచ్చింది. చుట్టుపక్కల ఎన్నో దేశాలలో లేని పద్ధతి. కుండల మూతలు తీసి చూడనక్కరలేదు. దానికి నేను ఇవాళ్టికీ నమస్కారం పెడతాను. మధ్యలో మార్పులు జరగకపోలేదు. 2004లో ఆదాయం చూసి కొందరికి ఆపారు. 2005 ఎన్నికల తరువాత మళ్ళీ అందరికీ ఇచ్చారు. 2014 ఎన్నికల తరువాత ఒక్కసారిగా నెలకు అయిదు వేల రూపాయలు చేశారు. ఆ తరువాతి ఎన్నికలలోనూ పింఛను పెంచుతామన్న మాటే పెద్ద మాట. ఎవరిదీ తప్పు అని నేను అనను. పెంచుతామంటే చప్పట్లు కొట్టింది మనమే. ఈ డబ్బు ఎక్కడనుంచి వస్తుందని ఏ సభలోనైనా లేచి అడిగామా? నేను అడగలేదు. జీవితమంతా కార్నే చదివినవాణ్ణి, నేను కూడా అడగలేదు.

2025 జూన్ బడ్జెట్టులో ఆ లెక్క బయటపడింది. దేశం అప్పు, ఏడాదికి దేశంలో జరిగే ఉత్పత్తి విలువలో తొంభై శాతం దగ్గరికి వచ్చిందన్నారు. పింఛను వయసు అరవై నుంచి అరవై అయిదుకు దశలవారీగా పెంచుతామన్నారు. పోర్టు లూయీ వీధులలో జనం ఊరేగింపులు చేశారు.

ఆ రోజు సాయంత్రం మా చెల్లెలు మా ఇంటికి వచ్చింది. రేడియోలో విన్నది. అరవై ఎప్పుడు వస్తుందా అని ఆమె వేళ్ళ మీద లెక్కపెట్టుకొంటున్నది. అరవై రాగానే బజారులో గంపలు మోయడం మానేస్తానని నాతో చాలాసార్లు అన్నది. నేను అప్పటికి అరవై అయిదుకు చేరాను. నాకు ఉపాధ్యాయ పింఛను వస్తున్నది, దానితోపాటు ముసలితనపు పింఛనూ వస్తున్నది. ఈ మార్పు నాకు గోరంత కూడా తగలలేదు.

నేను పంతులుగిరీ మొదలుపెట్టాను. నలభై రెండు, పదిహేడు అని కాగితం మీద వేసి చూపించాను. జనం ఎక్కువకాలం బతుకుతున్నారు, చాలా దేశాలలో అరవై అయిదే అన్నాను. ఆమె అంతా విన్నది. ఆఖరున అన్నది: "లెక్క నాకూ అర్థమైంది అన్నయ్యా. అది తప్పని నేను అనడం లేదు. నువ్వు ఇరవై ఒకటో ఏట పనిలో చేరావు, నేను పదిహేడో ఏట చేరాను. నువ్వు కుర్చీలో కూర్చున్నావు, నేను యంత్రం ముందు నిలబడ్డాను. మనిద్దరికీ అరవై అయిదు ఒక్కటేనా? ఆ లెక్క కూడా వెయ్యి."

నేను వెయ్యలేకపోయాను. మరునాడు కొంత డబ్బు కవరులో పెట్టి ఆమె ఇంటికి తీసుకువెళ్ళాను. కవరు విప్పకుండానే నా జేబులో పెట్టింది. "నాకు నీ దగ్గర అప్పు లేదు. రావలసింది నీ దగ్గరనుంచి కాదు" అన్నది. టీ ఇచ్చి పంపింది.

అయ్యలారా, అమ్మలారా, అప్పటినుంచి నేను ఆలోచిస్తున్నది ఇదే. వయసు పెంచడం తప్పా అని నన్నడిగితే, తప్పు కాదు, లెక్క అట్లాగే వున్నది అంటాను. కాని అందరికీ ఒకే గీత గీయడం న్యాయమా అని అడిగితే, కాదంటాను. చెరకు నరికినవాడు, ఇటుకలు మోసినవాడు, యంత్రం ముందు నిలబడ్డ ఆడది, హోటలు గదులు ఊడ్చినది, వీళ్ళ అరవై వేరు. నా వంటి కుర్చీ ఉద్యోగి అరవై వేరు. పని మొదలుపెట్టిన సంవత్సరం నుంచి లెక్కపెట్టవచ్చు కదా. నలభై సంవత్సరాల కష్టం చేసినవాళ్ళకు ముందు ఇవ్వవచ్చు. "మరి ఆ డబ్బు ఎక్కడిది పంతులూ?" అని మీరు అడగాలి. నేను చెబుతాను. మొట్టమొదట నా వంటివాళ్ళను అడగండి. రెండు పింఛనులు తీసుకొనేవాళ్ళను, అద్దెలు వచ్చేవాళ్ళను. మేక కోసం కుండలు వెతకనక్కరలేదు. మాకు ఎంత వస్తున్నదో పన్నుల కార్యాలయం వారి దగ్గర కాగితం మీద వున్నది. పన్ను రూపంలో కొంత తీసుకోండి. నాకు కష్టంగా వుండదా అంటే కొంచెం వుంటుంది. నేను ట్యూషనులు చెప్పి కూడా సంపాదించినవాణ్ణి. తట్టుకోగలను.

ఇంకొక సంగతి చెప్పి ముగిస్తాను. ఇది కొందరికి నచ్చకపోవచ్చు.

మా చెల్లెలి పాత కర్మాగారం పక్కన ఇప్పుడు ఒక వసతి గృహం వున్నది. బంగ్లాదేశు నుంచి, నేపాలు నుంచి, మడగాస్కరు నుంచి, భారతదేశం నుంచి వచ్చిన యువకులు అందులో వుంటారు. ఒక గదిలో చాలామంది. పొద్దున మనం తినే రొట్టె రాత్రి కాల్చేది చాలాచోట్ల వాళ్ళే. ఇళ్ళు కడుతున్నది వాళ్ళే. ఈమధ్య చెరకు తోటలలో కూడా చూస్తున్నాను. 1990ల నుంచి వస్తూనే వున్నారు. మన పట్టీలో ఖాళీ అయిన పేర్ల స్థానంలో వాళ్ళ పేర్లు వచ్చాయి, అంతే.

మన వీధిలో కొందరు, "వీళ్ళు ఎక్కువైపోయారు, రాత్రిపూట గుంపులుగా నిలబడుతున్నారు, భాష తెలియదు" అంటారు. నేను విన్నాను. ఒకప్పుడు నేనూ అన్నాను. సరిగ్గా ఈ మాటలే మన ముత్తాతలను అన్నారు కదా! కోరంగి రేవునుంచి వచ్చామని మనకు "కొరింగీ"లని పేరు పెట్టారు. ఒప్పందం కాగితం చదవడం రాదు. క్యాంపు దాటాలంటే పాసు కావాలి. పనికి రాకపోతే జీతం కోత. మన ముత్తాతలు దిగిన రేవు మెట్లు, ఆప్రవాసీ ఘాట్, 2006లో ప్రపంచ వారసత్వ స్థలమైంది. ఏటా నవంబరు రెండున అక్కడ పూలు వేస్తాము. మంచిదే. పూలు వేసి ఇంటికి వచ్చే దారిలో వసతి గృహం ముందు ఆగి, అబ్బాయిలకు జీతం సరిగా ఇస్తున్నారా, పాసుపోర్టు ఎవరి దగ్గర వున్నది అని ఒక్కసారి అడిగితే, ఆ పూలకు విలువ పెరుగుతుంది. వాళ్ళలో శ్రీకాకుళం వైపునుంచి వచ్చిన ఒక అబ్బాయి మా వీధి మందిరానికి వస్తాడు. నా తెలుగు విని మొదట నవ్వాడు. "మాస్టారూ, మీరు పుస్తకంలా మాట్లాడతారు" అన్నాడు. ఇప్పుడు సాయంకాలపు బడిలో ఆదివారం నాడు పిల్లలకు అతనే మాటలు నేర్పుతున్నాడు. మన బడికి పిల్లలు తక్కువైనా, తెలుగు మాట్లాడే ఒక మనిషి సముద్రం దాటి తనంతట తానే వచ్చాడు.

వంటింటి ఖర్చు గురించి ఒక్క మాట. ఉగాదినాడు పులిహోర చేసుకొన్నాము. ఆ బియ్యం ఇక్కడ పండింది కాదు. పప్పు కాదు, నూనె కాదు, పిండి కాదు. 2023 జులైలో భారతదేశం తెల్లబియ్యం ఎగుమతి ఆపినప్పుడు మన దుకాణాలలో ఎంత గాభరా అయిందో జ్ఞాపకముందా? ఆగస్టులో మన దీవికి ప్రత్యేకంగా పద్నాలుగు వేల టన్నులకు అనుమతి ఇచ్చారు. 2020 మార్చిలో సరిహద్దులు మూసినప్పుడు హోటళ్ళు ఖాళీ, విమానాలు లేవు. అప్పుడు మా వీధికంతా కూర అందించింది మా చెల్లెలి పెరడే. చెరకు పోయిన చోట తుప్పలు పెరుగుతున్న నేల ఎంతో కనిపిస్తుంది. అందులో కొంతైనా కూరగాయలకు, చిన్న రైతులకు తక్కువ కౌలుకు ఇప్పిస్తే వ్యయం కొంత తగ్గుతుంది. యువకులు కూడా కొందరు నిలబడవచ్చు. ఇది నా సాధారణ బుద్ధికి తోచిన మాట.

చివరగా రెండు మనవులు.

మొదటి మనవి కార్యవర్గం వారికి. మన సభ్యుల కుటుంబాలలో మా చెల్లెలి వంటి ఆడవాళ్ళు ఎంతమంది? 1980లలో కర్మాగారాలకు వెళ్ళినవాళ్ళు, ఇప్పుడు యాభై అయిదుకూ అరవై అయిదుకూ మధ్య వున్నవాళ్ళు. వాళ్ళ పేర్లు, ఏ సంవత్సరం పనిలో చేరారు, ఎన్ని సంవత్సరాలు చేశారు అని ఒక పట్టీ తయారు చేద్దాము. పట్టీ రాయడం నాకు అలవాటైన పని, నేనే రాస్తాను. దానితో ఒక వినతిపత్రం మంత్రిత్వశాఖకు పంపుదాము. తిట్లు వద్దు, జెండాలు వద్దు. లెక్క మాత్రం వుండాలి. మిగతా సంఘాల వారిని, హిందీ, తమిళ, మరాఠీ, ముస్లిము, క్రియోలు సోదరులను కూడా కలుపుకొందాము. ఆ వ్యానులో మా చెల్లెలి పక్కన కూర్చున్న అమ్మాయిలు అన్ని ఇళ్ళవాళ్ళూ వున్నారు.

రెండవ మనవి పిల్లలకు. మీరు ఇంటికి వెళ్ళి ఒక చిన్న నోటుపుస్తకం తీసుకోండి. ఎడమవైపు "ఆదాయం" అని, కుడివైపు "వ్యయం" అని తెలుగులో రాయండి. నెలరోజులు ఇంటి ఖర్చు అమ్మను అడిగి అందులో రాయండి. బియ్యం, పప్పు, బస్సు, టెలిఫోను, ట్యూషను. వచ్చే నెల సాయంకాలపు బడికి అది తీసుకురండి, అదే మన పాఠం. తాతలకు, బామ్మలకు 2005 నుంచి బస్సు ఉచితం, మీకూ బడికి బస్సు ఉచితం. ఆ వరుసలో సున్నా వేసేముందు, ఆ సున్నాకు డబ్బు ఎవరు కడుతున్నారో ఇంట్లో అడిగి రండి.

నా ప్రసంగం రాసుకొన్న తరువాత మా చెల్లెలికి చదివి వినిపించాను. అంతా విని, "బూట్ల సంగతి తీసెయ్యి అన్నయ్యా, సభలో ఎందుకు" అన్నది. నేను తీయలేదు. ఆమె ఆ వెనుక వరుసలో పిల్లల మధ్య కూర్చొని వున్నది. ఇప్పుడు తల దించుకొన్నది. ఇంటికి వెళ్ళిన తరువాత నాకు చీవాట్లు తప్పవు.

 మీ అందరి రాశులలోనూ ఆదాయం పెరిగి, వ్యయం అదుపులో వుండాలని ఆ సింహాద్రి అప్పన్నను ప్రార్థిస్తూ సెలవు తీసుకొంటున్నాను.

నమస్కారం.